ఆఫ్రా కిటికీ

బస్సు దిగిన ఆవిడ నేరుగా వాకిట్లోకొచ్చి, తలెత్తి పై కిటికీ వంక చూసింది.

పాల క్యాన్లు కడుగుతున్న వాల్‌బుర్గకు ఒళ్ళు మండింది.

ఆ టిరోల్ లోయలో పెళ్ళీడు కుర్రాడు నచ్చిన పిల్ల కిటికీకి నిచ్చెన వేసి మాట్లాడటం తాతల నాటి మర్యాద. మాటలే, ఇంకేం కాదు.

డెబ్బైమూడు వేసవిలో మ్యూనిక్ నుంచి సినిమావాళ్ళొచ్చారు. "మన పల్లె అందం చూపిస్తారట. టూరిస్టులు విరగబడతారు" అన్నాడు మేయరు.

వాల్‌బుర్గ నమ్మి షూటింగుకి ఇల్లిచ్చింది. అడిగారని కూతురు ఆఫ్రా పండగ గౌను కూడా ఇచ్చింది.

తీరా తెర మీద చూస్తే, నిచ్చెన మీద ఒక వెకిలి వెధవ. కిటికీలో ఆ గౌను విప్పుతున్న ఆడమనిషి వీపు. మొహం లేదు.

గౌను మీది కుట్టుపూలను ఊరంతా గుర్తుపట్టింది. మగాళ్ళు ఇన్స్‌బ్రుక్ టౌనుకి పోయి ఆ సినిమా మూడేసిసార్లు చూసొచ్చి, ఆ వీపు ఆఫ్రాదేనని తేల్చి, చర్చి మెట్ల మీద నీతులు చెప్పారు.

మేయరు నోరు మెదపలేదు. హోటళ్ళు నిండుతున్నాయి కదా.

ఆఫ్రాకి కుదిరిన పెళ్ళికొడుకు తల్లి రోజినా పెళ్ళి ఆపేసింది. "అది నీ పిల్ల కాదని తేలేదాకా నా గడప తొక్కొద్దు" అంది.

"ఏం కావాలి?" అంది వాల్‌బుర్గ, బస్సు దిగినావిడతో.

"ఈ పూటకి ఒక గది." నలభై దాటిన మనిషి. లావుపాటి కళ్ళద్దాలు. మ్యూనిక్ యాస. "ఇదేనా అమ్మా, ఆ కిటికీ?"

"ఏ పేపరు మీది?"

"పేపరు కాదు."

"అయితే ఇంకో సినిమానా? ఈసారి పశువుల కొట్టం కావాలా?"

"మీ అమ్మాయితో ఒక్కమాట చెప్పాలి."

"నాతో చెప్పు."

"ముందు తనకే చెప్పాలి. అయిదింటికి ఈ ఊళ్ళో ఇంకొకరిని కలవాలి నేను."

"ఎవర్ని? మేయర్నేగా?"

ఆవిడ తల దించుకుంది. పేరడిగితే చెప్పలేదు.

చాలు, వాల్‌బుర్గకు అంతా అర్థమైపోయింది. ఆవిడ సంచి అందుకుని తనే రోడ్డు మీదకు నడిచింది. ఆవిడ వెనకాలే వచ్చింది. తిరుగు బస్సు ఇంకా మలుపులోనే ఉంది.

"బట్టలిప్పే సినిమాల చుట్టూ తిరిగే సిగ్గులేని ముఖాన్ని నా పిల్లకి చూపిస్తావా? ఎక్కు."

ఆవిడ ముఖం పాలిపోయింది. సంచి అందుకుని బస్సెక్కింది.

సాయంత్రం ఆరింటికి రోజినా వచ్చింది. ఈ వాకిట్లో అడుగుపెట్టి ఎనిమిది నెలలైంది.

"వదినా, మ్యూనిక్ నుంచి ఎవరైనా వచ్చారా?"

పెళ్ళి ఆగాక మళ్ళీ ఆ పిలుపు విని వాల్‌బుర్గ బెంచీ చూపించింది. "వచ్చింది. దిగిన బస్సులోనే తిప్పి పంపేశాను."

రోజినా బెంచీ మీద కూలబడింది. "అయ్యో. చర్చి ఫాదర్ గారి గదిలో అయిదింటి నుంచి కూర్చున్నాను."

"ఆవిడ కోసమా? ఎవరావిడ?"

"పేరు చెప్పలేదు. పిల్లల తల్లిని, పరువు పోతుందంది. ఫాదర్ గారికి ఫోన్ చేసింది. ఫోన్లో ఎవరైనా ఏదైనా అంటారు, వచ్చి నా ఎదుట నిలబడి చెప్పమన్నాను. సరే, వస్తానంది."

"ఏం చెప్పడానికి?"

రోజినా తలెత్తలేదు.

"ఆ వీపు తనదని."