ఇరవయ్యో పేరు

“మూడో ఏడు డబ్బు ఎవరిస్తారు?”

రైతుల సమావేశంలో పంకజాక్షి లేచి ఈ ప్రశ్న అడిగినప్పుడు వేదిక మీది అధికారి మంచినీళ్లు తాగాడు, పక్కనున్న అధికారి కాగితాలు సర్దుకున్నాడు. జవాబు మాత్రం ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

మామిడి తోట తీసేసి శ్రీగంధం పెడితే మూడేళ్లపాటు ప్రభుత్వం సాయం చేస్తుందన్నది కొత్త పథకం. మండలానికి ఇరవై పేర్లే. చెట్లు కొట్టేసి, ఖాళీ నేలను ఫోటో తీసి చూపినవారికే చోటు. పందొమ్మిది పేర్లు అప్పటికే నిండిపోయాయి. శనివారం సాయంత్రం ఐదింటికి జాబితా మూసేస్తారు.

గురువారం పదకొండింటికి, ముందురోజే ఫోన్ చేసి చెప్పి, గుణశేఖర్ ఆమె ఇంటికి వచ్చాడు. పూతలపట్టు దగ్గర అతనికి నాలుగెకరాల తోతాపురి తోట ఉంది. అతని బతుకంతా దానిమీదే. నిరుడు గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రెండు రోజులు ట్రాక్టర్ నిలబెట్టి, చివరికి కాయలన్నీ రోడ్డు పక్కన పారబోసి వచ్చాడు. స్వయానా ఆమె భర్త తమ్ముడే అయినా ఈ గడప తొక్కి పందొమ్మిదేళ్లయింది.

పందొమ్మిదేళ్ల కిందట అతను రెండు పొలాల మధ్య సర్వే రాయిని జరిపాడు. కళ్లారా చూసింది పంకజాక్షి ఒక్కతే. పెద్దమనుషుల ముందు నిలబడి, చూసింది చూసినట్టు చెప్పింది. అతను నవ్వి, “మా వదిన నోట నిజం పుట్టదప్పా” అన్నాడు. పెద్దమనుషులూ నవ్వారు. భర్త తలవంచుకున్నాడు. రాయితోపాటు బావి అటువైపు పోయింది. ‘అబద్ధాల పంకజమ్మ’ అన్న పేరు ఇటువైపు మిగిలింది. బావి పోవడాన్ని ఆమె ఓర్చుకోగలిగింది. ఆ నవ్వును మరిచిపోలేదు. పందొమ్మిదేళ్లుగా ఒక్క అవకాశం కోసం చూస్తోంది.

“రా, కూర్చో” అంది.

“కూర్చునేదానికి రాలేదులే వదినా. చిత్తూరు ఆపీసులో ముప్పై ఏండ్లు ఈ సబ్సిడీ ఫైళ్లే సూసినావు. గంధం పెట్టొచ్చునా, కూడదా? ఉండేది ఉండేట్టు చెప్పు.”

“పెట్టొద్దు.”

“జడ్జి మాదిరి ఒక్క మాటతో కొట్టేసినావే.”

“కారణాలు విను. మొదటి ఏడు గుంతలకూ మొక్కలకూ ఇస్తారు. మార్చి దాటితే ఈ పథకాన్ని ఇంకోదాంట్లో కలుపుతారు, పేరు మారుస్తారు. పాత జాబితాలోని వాళ్లు కొత్త జాబితాలో ఉండరు. జామాయిలుకు అలాగే చేశారు, టేకుకూ అలాగే చేశారు. ఆ ఫైళ్లు మూటగట్టి అటకెక్కించింది నేనే.”

“ఇది గంధం గదా.”

“గంధం ఒంటరిగా బతకదు. పక్కన కంది వెయ్యాలి. కంది వేళ్ల నుంచి అది తాగుతుంటే, రెంటికీ నువ్వు నీళ్లు పొయ్యాలి. వేసవిలో నీ బోరు గంటసేపైనా పోస్తుందా? చేవ పట్టేదాకా పదిహేనేళ్లు కాపలా కాయాలి. నీకిప్పుడు అరవై రెండు.”

“నా వయసు బాగానే గుర్తు పెట్టుకోనుండావే.”

“నీ విషయంలో నేనేదీ మరిచిపోలేదు. మామిడి ఉంచుకో గుణశేఖరా. ఒక ఏడు ధర పోయినా చెట్టు పోదు.”

అతను కాఫీ అందుకున్నాడు. నాలుగు గుక్కలు తాగి ఆమె ముఖంలోకి చూశాడు. “నువ్వు చెప్పేదీ సరే అనిపిస్తా ఉండాది” అన్నాడు మెల్లగా.

అప్పుడే ఆమె చెల్లెలి కూతురు జయంతి కాగితాలతో లోపలికి వచ్చింది. “పెద్దమ్మా, పదకొండున్నరకంతా తెమ్మన్నావు గదా. నీ రెండెకరాల మామిడి తోటకు గంధం ఫారం నింపేసినా. నువ్వు సంతకం పెడితే…” అంటూ అతన్ని చూసి ఆగిపోయింది.

గుణశేఖర్ ఆ కాగితం లాక్కుని చదివాడు.

“అదీ సంగతి. ఇరవయ్యో పేరు నీకు కావల్ల. దానికోసరం నాకు మామిడి గొప్పలు చెప్తా ఉండావు.”

“ఆ ఫారం సంగతి వదిలెయ్. చెట్లు కొట్టొద్దు.”

“మీటింగులో లేసినప్పుడే అనుకున్నా. అందర్నీ బెదరగొట్టి నువ్వు దూరదామని. పందొమ్మిదేండ్లయినా నీ నోరు మారలేదు వదినా.”

“మళ్లీ చెబుతున్నాను. నరికించొద్దు.”

“కాఫీ మాత్రం బాగుండాది. దాంట్లో అబద్ధం లేదు” అని నవ్వి, గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

శుక్రవారం తెల్లవారగానే తోటలో రంపం మిషన్ల మోత మొదలైంది. “ఇంకా ముప్పై ఏండ్లు కాసే చెట్లప్పా, ఒకతూరి ఆలోచించు” అన్నాడు కలప కొనడానికి వచ్చిన వలి బాషా. “ఆలోచించేదానికి టైము లేదు. ఇంకొకరు కాసుకోనుండారు” అన్నాడు గుణశేఖర్. శనివారం నాలుగు గంటలకు ఇరవయ్యో పేరు అతనిదైంది.

ఆ సాయంత్రం జయంతి తలుపు దగ్గరే నిలబడిపోయింది.

“నా వల్లనే పెద్దమ్మా. ఆయన ముందర ఆ ఫారం తీయకుండా ఉండాల్సింది. నీ చోటు పాయె. ఆయనకేమో మూడేండ్లు డబ్బొస్తాది. నువ్వు అంత కష్టపడి అబద్ధం చెప్పినా నమ్మకపాయె.”

మామిడి దుంగలు నింపుకున్న మూడో లారీ ఇంటి ముందు నుంచి చిత్తూరు వైపు వెళ్లింది. అది మలుపు తిరిగేదాకా పంకజాక్షి చూపు తిప్పలేదు.

“నమ్మడని నాకు తెలుసు” అంది.

ఆమె అతనికి చెప్పిన మాటల్లో ఒక్క అబద్ధం చూపించండి.