చీమ తెచ్చిన గింజ

నాన్న ఎగరేసిన పల్లీని నోటితో అందుకొని, నవ్వబోయిన మూడేళ్ల మైత్రికి పొలమారింది. దగ్గు ఆగింది గానీ ఛాతీలో ఈల మొదలైంది. తల్లి స్వరూప పోపులపెట్టె పక్కనున్న డబ్బా తెరిచి, చీమను పిల్ల ముక్కు దగ్గర వదిలింది. ఇప్పుడు ప్రతి వంటింట్లోనూ ఉండే మరచీమే అది. ఊపిరితిత్తుల్లోకి దిగి, ఇరుక్కున్నదాన్ని పట్టుకొస్తుంది.

పిల్ల వీపు చరచడానికి స్వరూప చెయ్యి లేచింది. లింబాద్రి భార్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"ముట్టకు! చీమ లోపలున్నది. కదిలిస్తే ఇంకా లోతుకు జారుతది."

"మరి నేనేం జెయ్యాలె?"

"ఏం జెయ్యొద్దు. కూసో."

ఆమె చేతులు కట్టుకొని, ఆ ఈలనే వింటూ కూర్చుంది.

కాసేపటికి చీమ బయటికొచ్చి, ఆమె అరచేతిలో ఒక గింజ పెట్టి, "పని అయింది" అని పలికి, డబ్బాలోకి పోయి పడుకుంది. ఒకసారి పడుకుంటే గంటదాకా లేవదు.

"దొరికిందా?" లింబాద్రి ముందుకు వంగాడు.

స్వరూప అరచెయ్యి చూపించింది. పల్లీ కాదు, నల్లటి సీతాఫలం గింజ. దసరాకు పిల్ల తిన్న పండుది. అప్పటినుంచీ తగ్గని దగ్గుకు ఆమె రోజూ అల్లం కషాయం పోస్తూనే ఉంది.

పిల్ల ఛాతీలో ఈల ఇంకా ఆగలేదు.