పద్యం లేని చావు

మగ్గాల కొట్టంలో కుళ్ళాయప్ప మూడోసారి చచ్చాడు.

తుపాకీ కింద పడేశాడు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. రామప్ప హార్మోనియం మీద శ్రుతి పట్టాడు. కుళ్ళాయప్ప పద్యం అందుకున్నాడు.

"అట్ల సావరప్పా" అన్నారెవరో.

అందరూ తిరిగి చూశారు. గడప దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో కర్ర. ఎడమకాలి మీద బరువు మోపడం లేదు. ధర్మవరం మనిషి కాదు.

"యా ఊరప్పా మీది?" అన్నాడు రామప్ప.

"మడకశిర పక్క."

"ఎట్ల సస్తారో నీకెట్ల తెలుసు? ఎప్పుడన్నా సచ్చి సూసినావా?"

కొట్టమంతా నవ్వింది.

ఆ మనిషి నవ్వలేదు. "సచ్చేటోల్లని సూసినా. ఒక్కడూ పద్యం పాడలేదు."

"నువ్వు మా జనాన్ని సూల్లేదు. చావు పద్యం బాగుంటే వన్స్‌మోర్ అంటారు. సచ్చినోడు లేసి, మల్లా పాడి, మల్లా సావాల. పోయినేడు పెనుకొండలో వీన్ని నాలుగుసార్లు సంపినారు!"

మళ్లీ నవ్వారు. కుళ్ళాయప్ప మాత్రం నవ్వలేదు. ఈసారి నాటకం అతనే రాశాడు. అది అతని అన్న రామాంజినేయులు కథ.

రామాంజినేయులు చైనా యుద్ధంలో పోయి నాలుగు నెలలైంది. శవం రాలేదు. టెలిగ్రాం వచ్చింది. పోయాడని ఉంది, ఎలా పోయాడో లేదు.

తల్లి ఈరక్క ఆ రోజు నుంచి ఏడవలేదు. ఇంటికి ఎవరొచ్చినా ఒకటే మాట అడిగేది. "ఎట్ల పోయినాడంట?"

ఎవరికి తెలుసు? చెప్పేవాళ్లు లేరు.

అమ్మకు తానే చెప్పాలని కుళ్ళాయప్ప పట్టుబట్టాడు. పగలంతా మగ్గం నేశాడు. పొద్దు వాలినాక కాగితం ముందు కూర్చున్నాడు. కథలో అన్న చేత పదిమంది శత్రువుల్ని చంపించాడు. నాలుగు పద్యాలు రాశాడు. పెనుకొండ పోటీలో ఆడాలి. అమ్మ ముందు వరసలో కూర్చుని చూడాలి.

"సరేప్పా, ఎట్ల సస్తారో నువ్వే సూపీ" అన్నాడు కుళ్ళాయప్ప.

ఆ మనిషి లోపలికి వచ్చాడు. కర్ర పక్కన పెట్టాడు. స్తంభానికి వీపు ఆనించి మెల్లగా కిందికి జారాడు. ఎండలో నడిచి వచ్చినవాడు నీడన కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"మీరు పోతాండండి. నేను రొంతసేపు కూచోని వస్తా" అన్నాడు.

కళ్లు మూసుకున్నాడు.

రామప్ప వేళ్లు హార్మోనియం మీద ఆగిపోయాయి.

కుళ్ళాయప్పకు మాత్రం ఒళ్లు మండింది. "ఇదేం సావు? మాయన్న అలిసిపోయి కూలబడే రకం కాదు. యుద్ధంలో నుంచి పారిపోయొచ్చినోడి మాదిరుండావు నువ్వు. వీరుడి సావు నీకేం తెలుసు?"

ఆ మనిషి కర్ర అందుకుని లేచాడు.

"వీరుడేమో నాకు తెల్దప్పా. సచ్చేది మాత్రం ఇట్లనే."

వెళ్లిపోయాడు. మరునాడు మళ్లీ వచ్చాడు. లోపలికి రాలేదు. అరుగు మీద కూర్చుని విన్నాడు. పద్యం మొదలవగానే తల వంచుకునేవాడు. వారం రోజులూ అంతే.

"పారిపోయినోడు వచ్చినాడ్రోయ్" అని రామప్ప రోజూ అరిచేవాడు.

ఆదివారం మధ్యాహ్నం పెనుకొండలో పందిరి నిండిపోయింది. ఈరక్క ముందు వరసలో కూర్చుంది. ఆ మనిషి వెనక రాటకు ఆనుకుని నిలబడ్డాడు.

నాటకం బాగా నడిచింది. పదిమంది శత్రువులూ చచ్చారు. జనం ఈలలు వేశారు.

చావు ఘట్టం వచ్చింది. రామప్ప శ్రుతి ఇచ్చాడు.

కుళ్ళాయప్ప పద్యానికి నోరు తెరిచి, అమ్మ వైపు చూశాడు.

ఆమె ముందుకు వంగి ఉంది. ఈలలు వినడం లేదు. ఇంటికి వచ్చినవాళ్లను అడిగేటప్పుడు ఎలా చూస్తుందో, కొడుకును అలాగే చూస్తోంది.

ఆ చూపు ముందు అబద్ధం నోట్లోనే ఆగిపోయింది.

రామప్ప మళ్లీ శ్రుతి ఇచ్చాడు. "పద్యం, పద్యం" అని గొణిగాడు.

కుళ్ళాయప్ప తల అడ్డంగా ఊపాడు. తుపాకీ పక్కన పెట్టాడు. స్తంభానికి ఆనుకుని మెల్లగా కిందికి జారాడు.

"మీరు పోతాండండి. నేను రొంతసేపు కూచోని వస్తా."

కళ్లు మూసుకున్నాడు.

"పద్యం యాడరా?" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. పక్కవాడు వాడి నోరు మూశాడు.

ఆ తర్వాత ఎవరూ అరవలేదు. వన్స్‌మోర్ అననూ లేదు.

ఆ నిశ్శబ్దంలో ఈరక్క కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాలుగు నెలల ఏడుపు.

కప్పు హిందూపురం వాళ్లకు పోయింది. కుళ్ళాయప్పకు ఆ బాధ లేదు. ముఖం రంగు తుడుచుకోకుండానే ఆ మనిషి కోసం పందిరంతా వెతికాడు.

"తెర పడతానే టేసనుకు పోయినాడు. హిందూపురం రైలు కదిలిపాయ" అన్నాడు రామప్ప.

కుళ్ళాయప్ప తల్లి దగ్గర కూలబడ్డాడు.

"ఆ సావు నేను రాసింది కాదుమా. కుంటి ఆయప్ప ఒకడు సూపించినాడు. పారిపోయొచ్చినోడివని తిడితి. పేరు కూడా అడగలే."

"ఆయప్ప ముందు మనింటికే వచ్చినాడు" అంది ఈరక్క. "తానెవరో చెప్పినాడు గానీ, ఎట్ల పోయినాడప్పా అంటే తల వంచుకున్నాడు. నాతో చెప్పలేకపోతే నా చిన్నకొడుకుతో చెప్పుపో, నేను నాటకంలో సూసుకుంటానని నేనే పంపిస్తి."

"ఎవరుమా ఆయప్ప?"

ఈరక్క కళ్లు తుడుచుకుంది.

"గుండు తగిలి పడిపోతే, మీయన్నే బుజానేసుకోని ఆ మంచులో కొండ దింపి బతికించిన మనిషిరా."