ఎడమ అంచున రబ్బరు పట్టీ

డ్రోన్ మోకాలెత్తున గాలిలో నిలబడింది. అక్క రిమోట్ మీద నుంచి రెండు బొటనవేళ్లూ తీసేసింది.

ఒకటి, రెండు, మూడు.

నాలుగు అనేలోపే అది ఎవరో పిలిచినట్టు మెల్లగా ఎడమకు జరగడం మొదలుపెట్టింది.

"చూశారా మేడమ్?" అన్నాడు ఫొటోగ్రాఫర్. "నేను ముందుకు పొమ్మంటే ఇది పక్కింటికి పోతోంది."

అక్క డ్రోన్లు బాగుచేసే షాపు వెనక ఖాళీ స్థలంలో ఆకు కూడా కదలడం లేదు. నెపం గాలి మీదకు నెట్టడానికి వీల్లేదు.

అక్క రెక్కలు మార్చింది. మోటార్లు ఒక్కొక్కటీ చేత్తో తిప్పి చూసింది. లోపలికి తీసుకెళ్లి, టేబుల్ మీద పెట్టి, సెట్టింగ్ మళ్లీ మొదటి నుంచి చేసింది.

బయటికి తెచ్చి ఎగరేస్తే మళ్లీ ఎడమకే.

తల ప్రాణం తోకకు వచ్చింది.

"ఒక మాటంటాను, ఏమీ అనుకోకండి," అని నసిగాడతను. "కొన్న కొత్తలో బాగానే ఉండేది. మీ దగ్గర సెట్టింగ్ చేయించాకే ఈ రోగం పట్టుకుంది."

అక్కకు ఒళ్లు మండింది.

"అయితే రోగం నా చేతుల్లో ఉందంటారా?" అంటూ లోపలికి వచ్చి స్క్రూడ్రైవర్‌ను టేబుల్ మీద విసురుగా పెట్టింది.

ఆ అదురుకు ఒక స్క్రూ కదిలింది. దొర్లుకుంటూ టేబుల్ ఎడమ అంచు దాకా వెళ్లి, అక్కడ అతికించిన రబ్బరు పట్టీకి తగిలి ఆగింది.

అక్క దాన్ని వెనక్కి తెచ్చి పెట్టింది. మళ్లీ దొర్లింది.

ఆ పట్టీ అతికించింది తనే, ఆరేళ్ల కిందట.

"ఈ టేబుల్ మీద స్క్రూలన్నీ ఎప్పుడూ ఒక పక్కకే పోతాయేంటక్కా?" అని చెల్లెలు అడిగిన రోజున.

"పనిలేని ప్రశ్నలూ నువ్వూ," అని విసుక్కుని, పట్టీ అతికించి చేతులు దులుపుకుంది. ఆ తర్వాత ఒక్క స్క్రూ కూడా కింద పడలేదు.

ఇప్పుడు అక్క పక్క భవనంలో ప్లాస్టరింగ్ చేస్తున్న మేస్త్రి దగ్గర వాలు చూసే రసమట్టం అడిగి తెచ్చింది. టేబుల్ మీద పెడితే లోపలి బుడగ కుడి చివరకు పోయి కూర్చుంది.

వెంట వచ్చిన మేస్త్రి నేల వైపు చూసి నవ్వాడు. "ఇదివరకు ఇక్కడ బండ్లు కడిగేవాళ్లు కదమ్మా. నీళ్లు పోవాలని వాలుగా వేయించారు."

సెట్టింగ్ అంటే మరేం లేదు. డ్రోన్‌ను కదలకుండా టేబుల్ మీద పెట్టి, ఇదే సమం, గుర్తుపెట్టుకో అని దానికి చెప్పడమే.

ఇన్నేళ్లూ అక్క వాలునే సమమని చెప్పింది. శాటిలైట్ సాయం ఉన్న పెద్ద డ్రోన్లు తమంతట తామే సర్దుకున్నాయి. చిన్నవి ఆమె మాట నమ్మాయి.

టేబుల్ ఎడమ కాళ్ల కింద రెండు చెక్కముక్కలు పెట్టి, బుడగ మధ్యకు వచ్చాక, సెట్టింగ్ మళ్లీ చేసింది.

"గీత గీసినట్టు పోతోంది మేడమ్!" అని ఫొటోగ్రాఫర్ సంబరపడుతూ వెళ్లిపోయాడు.

అక్క బీరువా మీద నుంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె దించింది. అందులో ఉన్నది చెల్లెలు ఎగరేసిన చిన్న డ్రోన్.

నాలుగేళ్ల కిందట ఒక పెద్ద హాల్లో వీడియో తీస్తుండగా, అది ఉన్నట్టుండి ఎడమకు పోయి గాజు గోడకు కొట్టుకుంది. అంతమంది చూస్తుండగా అక్క రిమోట్ లాక్కుంది.

"నీ చేతికి నిలకడ లేదు. ఇంకెప్పుడూ దీన్ని ముట్టుకోకు."

చెల్లెలు ముట్టుకోలేదు. ఒక ఆఫీసులో ఫైళ్లు చూసుకుంటోంది. ఫోన్లో మాట్లాడుకుంటారు, ఒంట్లో ఎలా ఉంది, తిన్నావా అని.

అక్క ఫోన్ చేసి రమ్మంటే, సాయంత్రం చెల్లెలు ఆఫీసు బ్యాగుతోనే వచ్చింది. చెక్కముక్కల్ని చూసింది. రబ్బరు పట్టీని చూసింది.

"టేబుల్ మొదట్నుంచీ వాలుగానే ఉందే," అంది అక్క. "ఆ రోజు తప్పు నాది."

చెల్లెలు పట్టీని వేలితో నిమిరింది.

"అది ఎప్పుడూ ఎడమకే లాగేదక్కా. నా చెయ్యే వంకరేమో అనుకుని, కుడివైపు కాస్త నొక్కిపట్టి ఎగరేసేదాన్ని. ఆ రోజు కంట్లో చెమట పడింది. తుడుచుకుందామని ఒక్క క్షణం వేలు తీశా."

"నాకు ముందే చెప్పొచ్చు కదే!"

"చెప్తే ఏమనేదానివి?"

ఏమనేదో అక్కకు తెలుసు.

"ఒక్కసారి ఎగరెయ్యవే," అంది ఆ చిన్న డ్రోన్‌ను ముందు పెట్టి, బతిమాలుతున్నట్టు. "ఇందాకే దీనికీ సెట్టింగ్ మళ్లీ చేసి చూశా. వంద లెక్కపెట్టినా కదల్లేదు."

చెల్లెలు అరచేయి బట్టలకు తుడుచుకుని రిమోట్ అందుకుంది.

డ్రోన్ లేచింది. మోకాలెత్తున నిలబడింది. తర్వాత మెల్లగా కుడివైపు జరగసాగింది.

చెల్లెలు డ్రోన్‌ను చూస్తోంది. అక్క ఆమె బొటనవేలిని చూస్తోంది.

"వేలు తీసెయ్యవే. దానంతట అదే నిలబడుతుంది."

"తియ్యలేనక్కా," అంది చెల్లెలు.

డ్రోన్ కుడి పక్క గోడ వైపు జరుగుతూనే ఉంది.