మంచు పట్టని బానెట్

రాత్రి రెండున్నరకు ఆసుపత్రి నుంచి ఫోనొచ్చింది. కాన్పు కష్టమైందట, నర్సుగా తను వెంటనే రావాలట. స్వెట్టర్ తగిలించుకుని ఆమె ఒక్క పరుగున వీధిలోకొచ్చింది.

ఎక్కడా చప్పుడు లేదు. వరసగా నిలిపిన కార్లన్నీ మంచు పట్టి తెల్లగా ఉన్నాయి. ఇలాంటి రాత్రుల్లో మెకానిక్ మావయ్యగారు పెట్టే పోరు ఆమెకు కంఠతా వచ్చు. "చలికి ఆయిల్ చిక్కబడుతుంది తల్లీ. అది ఇంజనుకు గాలి ఊదే టర్బోకి అందేదాకా బండిని ఉరికించకు. ఆపేముందు కూడా ఒక్క నిమిషం ఇంజను ఆడనిచ్చి దాన్ని ఊపిరి తీసుకోనీ." ఆయన పోయి నెలయింది. ఇప్పుడంత తీరిక ఎక్కడిది?

తన కారు మీద మాత్రం మంచు లేదు. బానెట్ మీద చెయ్యి వేసి చూసింది. వెచ్చగా ఉంది. నిన్న సాయంత్రం నుంచి బండి కదల్లేదు. తాళంచెవి ఆమె గుప్పిట్లోనే ఉంది.

చుట్టూ చూసింది, ఎవరూ లేరు. ఎక్కి, ఇంజను వేడెక్కేదాకా ఆగే పని లేకుండా బయల్దేరింది. చలిగాలి తాగిన టర్బో సన్నగా ఈల వేసుకుంటూ ఎత్తురోడ్డును ఇట్టే ఎక్కేసింది. అయిదు నిమిషాలు ఆలస్యమై ఉంటే బిడ్డ దక్కేది కాదన్నాడు డాక్టరు. తల్లీబిడ్డా క్షేమం. హమ్మయ్య అనుకుంది.

ఇంకా చీకటి ఉండగానే ఇంటికొచ్చి తాళంచెవి తీసేసింది.

ఇంజను ఆగలేదు.

భయపడాలని గుర్తొచ్చింది గానీ ఎందుకో నవ్వొచ్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"సరే మావయ్యగారూ, దాన్ని ఊపిరి తీసుకోనీండి."

బండి గడియారంలో నిమిషం అంకె మారింది. అప్పుడు ఆగింది ఇంజను.