ముప్పై ఎనిమిది కిలోలు

“ముప్పై ఎనిమిది కిలోలు. బియ్యం బస్తా పాటి చెయ్యదు. ఎక్కించుకుంటే ఏం మునుగుతది?” కెప్టెన్ విఠల్ కాగితాన్ని బల్ల మీద కొట్టాడు.

“వద్దు సార్,” అన్నాడు డిస్పాచర్ తుల్సీరాం.

2006 ఆగస్టు. కొత్తగూడెంలో కాలేజీ గ్రౌండు మధ్యన వరద సాయానికొచ్చిన చిన్న హెలికాప్టర్. పక్కనే టార్పాలిన్ కింద రేడియో, దాని ముందు తుల్సీరాం. వాతావరణం, ఇంధనం, బరువు లెక్కగట్టి కాగితం రాయడం అతని పని. దాని మీద పైలట్, డిస్పాచర్ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఏ ఒక్కరు కాదన్నా ఫ్యాను తిరగదు.

భద్రాచలం దగ్గర గోదావరి పొంగి, వాగు ఎగదన్ని ఒక తండా మునిగిపోయింది. బడి డాబా మీద అయిదుగురు చిక్కుకున్నారని పోలీసులు వైర్‌లెస్‌లో పేర్లు చెప్పారు. పాము కరిచిన సోమ్లా, అతని పెళ్లాం, ఇద్దరు పిల్లలు, జమ్లి అనే ముసలామె.

“ఆ నలుగురికే నూట యాభై కిలోలు. అంతకు మించి ఎత్తదు సార్. ముసలామెకు రెండో ట్రిప్పు.”

“ఇరవై నిమిషాల ఫ్యూయల్ తీసెయ్. ఆమె ముప్పై ఎనిమిది కిలోలు సరిపోతయ్.”

“తియ్యను సార్. మబ్బు దిగుతది. గ్రౌండు కనబడకపోతే పైన తిరగనీకి మీకు ఆ ఇరవై నిమిషాలు కావాలె.”

“వాన తెరిపిచ్చింది గదయ్యా, ఏడున్నది మబ్బు? ఒక్క ముసలిదాన్ని నీళ్ల నడుమ ఇడిసిపెట్టి రావాల్నా? ఆమె మొఖం చూసేది నేను. నీకేంది, కుర్చీల కూసుంటవ్.”

తుల్సీరాం పెన్ను ముందుకు జరిపాడు. విఠల్ తిట్టుకుంటూ సంతకం గీకి వెళ్లిపోయాడు.

అరగంటకు రేడియో పలికింది. “నలుగురు ఎక్కిన్రు. ముసలామె చెయ్యి ఊపి మమ్మల్నే పొమ్మన్నది. నీళ్లు డాబాకు జానెడు కిందున్నయ్. విన్నవా? జానెడు.”

“విన్న సార్.”

హెలికాప్టర్ తిరిగొచ్చేసరికి కొండల మీది నుంచి మబ్బు జారి గ్రౌండును కమ్మేసింది. ఎదురుగా ఉన్న కాలేజీ కూడా కనబడలేదు. “దిగొద్దు సార్. పాల్వంచ వైపు తిరగండి. నేను చెప్పిందాక దిగొద్దు,” అంటూ తుల్సీరాం గొంతు ఒక్కటే పైకి వెళ్తూ ఉంది. అయిదు నిమిషాలు. పది. పద్దెనిమిదో నిమిషంలో గాలి వీచి గ్రౌండు బయటపడింది.

దిగాక విఠల్ ఇంధనం ముల్లు చూశాడు. ఇంకో రెండు నిమిషాలకు సరిపోను ఉంది. ఆకాశంలో తిరిగే తనకు కనబడనిది, టార్పాలిన్ కింద కూర్చున్న మనిషికి కనబడింది. సోమ్లాను అంబులెన్స్ ఎక్కించి, నేరుగా తుల్సీరాం దగ్గరికి వచ్చాడు.

“నీ మాట వినకపోతే అందరం చెట్ల మీద పడి ఉందుము. దండం పెడుత నీకు.”

“ఫ్యూయల్ పోస్తున్నరు సార్. కాగితం తయారున్నది. జల్దీ పోండి.”

ఈసారి తుల్సీరాం సంతకం వంకరగా పడింది. విఠల్ అది గమనించలేదు.

మళ్లీ రేడియో పలికేదాకా తుల్సీరాం కుర్చీలోంచి లేవలేదు.

“దొరికింది. డాబా మీదికి నీళ్లొచ్చినయ్, చీలమండల దాక. అట్లనే నిలబడి ఉన్నది. ఎక్కించిన.”

తుల్సీరాం మైకు బటన్ నొక్కి, వదిలేశాడు.

“తుల్సీరాం?”

“చెప్పండి సార్.”

“ఏం మనిషివయ్యా నువ్వు. మబ్బు సంగతి సరే. అందరివీ అరవై, యాభై అని అంచనా కట్టి రాసినవ్. ఈమెదొక్కటే ముప్పై ఎనిమిదని ఎట్ల రాసినవ్, చూడకుంట?”



“పోయిన నెల దవాఖానాల నేనే తూకం ఎక్కించిన సార్. మా అమ్మ.”