పిల్లి కుదిర్చిన రాజీ

పెంటకుప్పని ముందు ఎవరు కెలకాలన్న తగువుతో పెరట్లో కోళ్ళు రెండు జట్లయిపోయాయి. పెత్తనం నిలబెట్టుకోవాలని ముసలి పుంజు పొరుగింటి పిల్లిని తోడు తెచ్చుకుంది. అది చూసి అవతలి జట్టు కంచె పక్క ముంగిసని పిలుచుకుంది. ఆనాటినుంచీ ఈకలు రాలుతూనే ఉన్నాయి. రాలినవన్నీ కోళ్ళవే. పిల్లికీ ముంగిసకీ ఒంటిమీద వెంట్రుకైనా ఊడలేదు. చూసి చూసి పుంజుకి కూత కూడా నీరసించిపోయింది.

ఓ మధ్యాహ్నం గోడ నీడన పిల్లీ ముంగిసా పక్కపక్కనే కూర్చుని చెప్పుకుంటున్న మాటలు పుంజు చెవినపడ్డాయి.

"గుడ్లు నీకు, పిల్లలు నాకు," అంటోంది పిల్లి.

"మరి పుంజో?" అంది ముంగిస.

"దాని సంగతి నేను చూసుకుంటాలే."

సాయంత్రం పిల్లి కోళ్ళన్నిటినీ పోగేసి, "రాజీ కుదిరింది. పెద్దాయన తప్పుకుంటే చాలు. మా అటక మీద హాయిగా ఉంటాడు," అంది. ఇన్నాళ్ళకి రెండు జట్లూ ఒక్క మాట మీదికొచ్చి సంబరపడ్డాయి.

పుంజు తను విన్నదంతా చెప్పింది.

"గద్దె దిగాలంటే ఎవరికైనా కష్టమేలే పెద్దయ్యా," అంది దాని జట్టులోదే ఒక పెట్ట, పిల్లల్ని రెక్కల కిందికి సర్దుకుంటూ.

పిల్లిని తెచ్చింది తనే, ఇంకెవర్ననాలి? వాదించే ఓపిక లేక పుంజు పిల్లి వెంట నడిచింది. గోడ దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగింది.

"రేపు తెల్లారుజామున వీళ్ళని లేపేదెవరు?"

"లేపడమెందుకూ?" అంది పిల్లి. "పడుకోనీ, పాపం."